అగస్త్యేశ్వరుని సన్నిధిలో రెండు ఆకళ్ళు

కృష్ణా మూసీ నదుల సంగమక్షేత్రమైన వాడపల్లిలో, మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి ఆలయ ప్రాంగణంలో, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన మనుమరాలికి స్థలపురాణం వినిపించాడు. బోయవాడు తరుముకొని రాగా ఒక పక్షి శివుణ్ణి శరణు వేడింది. స్వామి అభయమిచ్చాడు. వెనుకనే వచ్చిన బోయవాడు తన ఆకలి మాటేమిటని నిలదీశాడు. అప్పుడు పరమేశ్వరుడు తన శిరస్సులోని మాంసాన్నే తీసుకొమ్మన్నాడు. లింగం పైభాగాన ఉన్న వ్రేళ్ళ గుర్తులు ఆ బోయవానివేననీ, ఆ గాయాన్ని కడగడానికి వచ్చిన గంగయే నేటికీ ఆ బిలంలో నిలిచి ఉన్నదనీ భక్తుల విశ్వాసం.

"బోయవాడు పాపాత్ముడు కదా తాతయ్యా!" అన్నది బాలిక.

ఆ మాటలో ఆయనకు తన కంఠస్వరమే వినిపించింది. చేపలకూర తెచ్చుకొనే సహాధ్యాయిని ప్రక్కన కూర్చోవడం ఆమె మానివేసిందని ఆ ఉదయమే తెలిసింది. సాత్త్వికాహారాన్ని గురించి ఇంట ఆయన చేసే ప్రసంగాల ఫలమది.

ఆమె చేతిలోని బొమ్మల పుస్తకంలో ఒక పుటలో పాండా, ఎదుటి పుటలో సీ అనిమోన్ అనే సముద్రజీవి ఉన్నాయి. "వీటిలో సాధుజీవి ఏది తల్లీ?" అని అడిగాడు. ఆమె తడుముకోకుండా పువ్వువంటి దానిని చూపింది.

"అంతటా ఉన్నది ఒకే ఆత్మ" అని అక్కడితో ముగించడం ఆయనకు సులభమే. కాని భేదాన్ని పరిశీలించకుండానే అభేదాన్ని పలకడం అద్వైతం కాదు, కేవలం అశ్రద్ధ. పదార్థాలను సాధర్మ్య వైధర్మ్యాల ద్వారా తెలుసుకొమ్మని వైశేషికులు ఊరక చెప్పలేదు.

ఆ పువ్వుకు మెదడు లేదు, ఎముక లేదు. విశాఖ తీరపు రాళ్ళ నడుమ నిలిచిన నీటిలోనూ ఈ జాతి జీవులు అంటిపెట్టుకొని ఉంటాయి. రేకులవలె కదలాడేవి విషకణాలను దాచుకొన్న స్పర్శకాలు. దగ్గరకు వచ్చిన చిన్న చేపను స్తంభింపజేసి మ్రింగుతాయి. విచిత్రమేమంటే, ఆ స్పర్శకాల మధ్యనే క్లౌన్ చేప నిర్భయంగా నివసిస్తుంది. భక్షించే చేయే అభయహస్తం కూడా!

ఇక చైనా పర్వతారణ్యాల పాండా ఎలుగుబంటి వంశానిది, మాంసభక్షక వర్గానికి చెందినది. జీర్ణకోశం నేటికీ మాంసభక్షక మృగానిదే. తినేది మాత్రం వెదురు. అందులో సుమారు ఐదవ వంతే జీర్ణమవుతుంది కనుక దినానికి 10 గంటలకు పైగా నములుతూనే ఉండాలి. వెదురును పట్టుకొనడానికి దాని మణికట్టు ఎముక ఒకటి బొటనవ్రేలివలె పెరిగింది. అది వ్రతం పూని శాకాహారి కాలేదు. ఇది పాపబుద్ధితో చేపను పట్టడం లేదు. రెండింటినీ నడిపించేది క్షుధయే. తైత్తిరీయోపనిషత్తులో భృగువు బ్రహ్మాన్వేషణ అన్నంతోనే ఆరంభమైంది కదా.

"స్వామి బోయవాణ్ణి కోప్పడలేదా?" అని బాలిక మళ్ళీ అడిగింది.

"లేదమ్మా. ఆకలి అన్నాడు, పెట్టాడు."

ఆమె కొంతసేపు మౌనంగా ఉన్నది. ప్రసాదపు పొట్లం విప్పి, అందులో సగం వేరుగా కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకొన్నది. ఎవరికోసమని ఆయన అడగలేదు.

బస్సు కోసం నడుస్తూ ఉండగా, "బోయవాడి కడుపు నిండిందా తాతయ్యా?" అన్నది. ఆయనకు తెలిసిన కథలో ఆ ముచ్చట లేదు.