ఆటలో అరటిపండు

మొదటి రాత్రే 11 మందిని లేపేశా. నమ్ముతారా?

శ్రీసిటీలో సెకండ్ షిఫ్ట్ ముగించుకుని కంపెనీ బస్సులో ఏర్పేడు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆరోజు సంగటి తిని మంచమెక్కి, కొత్తగా ఎక్కించుకున్న షూటింగ్ ఆట తెరిచా. వంద మంది దిగే దీవిలో ఆఖరికి మిగిలింది నేనే. ఆ ఆనందంలో ఒక్క కేక వేశా. అమ్మ ఉలిక్కిపడి లేచి, "ఏమైంది నాయనా, తేలు గాని కుట్టిందా?" అంది.

పొద్దున్నే ఇంటర్ చదివే మా పిన్ని కొడుక్కి రికార్డింగ్ చూపించా. అర నిమిషం చూసి పకపకా నవ్వాడు.

"అన్నా, వీళ్లు మనుషులు కాదు, బాట్లు. చూడు, ఎట్ల నిలబడి కాల్పించుకుంటా ఉండారో!"

నా గాలి మొత్తం పోయింది. తర్వాత తెలిసింది, ఇది రహస్యమేమీ కాదని. కొత్తవాళ్ల కోసం మ్యాచ్‌ల్లో బాట్లు పెడుతున్నామని, ఆట మెరుగయ్యేకొద్దీ అవి తగ్గుతాయని ఫోర్ట్‌నైట్ 2019లోనే చెప్పింది. 2020లో పబ్‌జీ కూడా పీసీ, కన్సోల్ మ్యాచ్‌ల్లోకి బాట్లను తెచ్చింది. దిగీ దిగగానే చచ్చిపోతే కొత్తోడు మళ్లీ ఆ ఆట తెరవడు కదా.

చిక్కేమిటంటే, బాట్లను కాల్చి కాల్చి ర్యాంకు పెరుగుతుంది, ఆట మాత్రం రాదు. వారం తిరిగేసరికి నాకు అసలు మనుషులు ఎదురయ్యారు. కిటికీలోంచి తల పెడితే చాలు, అవుట్. ఎవరు కాల్చారో, ఎక్కడినుంచో కూడా తెలిసేది కాదు. దానికితోడు మైక్‌లో ముక్కూమొహం తెలియని టీమ్‌మేట్ల తిట్లు. "నూబ్, ఫోన్ పక్కనపెట్టి పడుకో" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చి, నిద్ర మానుకుని మరీ తిట్లు తినడం నాకే వింతగా ఉండేది. అయినా పట్టుబట్టి ఆడా. నాలుగు నెలలకు ప్లాటినం దాటా.

ఇంతవరకూ నా బాధ చెప్పా. ఇప్పుడు నా తప్పు చెప్తా.

ఒక రాత్రి ఇంకొన్ని పాయింట్లొస్తే డైమండ్. స్క్వాడ్‌లో ఒక చిన్న గొంతు. మన తెలుగే.

"అన్నా, తుపాకి ఎట్ల మార్చాల? నాకు రాదన్నా."

నేను పలకలేదు. కాసేపటికి వాడికి దెబ్బ తగిలింది. "అన్నా, రివైవ్... అన్నా..." అంటూ పాక్కుంటూ నా దగ్గరికే వస్తున్నాడు. రివైవ్ చేయడానికి పట్టేది కొన్ని సెకన్లే. నేను వాడి మైక్ మ్యూట్ చేసి, వాడు చచ్చాక పెట్టెలోని బుల్లెట్లు ఏరుకుని ముందుకెళ్లా. డైమండ్ వచ్చింది. ఈసారి కేక వేయబుద్ధి కాలేదు.

చిన్నప్పుడు మా స్టేషన్ దగ్గర ఖాళీ జాగాలో పెద్దోళ్ల క్రికెట్‌లో నేను అరటిపండుని. అవుటైనా అవుట్ కాదు. నా బ్యాటింగ్ వస్తే బంతి నేలమీద దొర్లించేవాళ్లు. అది కూడా బాట్ల మ్యాచ్ లాంటిదే కదా అంటారేమో. కాదు. నేను అరటిపండునని నాకు తెలుసు. "బ్యాట్ అట్ల కాదురా, ఇట్ల పట్టుకోవాల" అని చెప్పే అన్న పక్కనే ఉండేవాడు. రెండు వేసవి సెలవులు గడిచేసరికి ఆ అన్నే నాకు గట్టిగా బంతి వేశాడు. అవుటయ్యా. ఏడవలేదు. లెక్కలోకి వచ్చానని పొంగిపోయా.

బాట్ ఓడిపోగలదు, నేర్పలేదు. కొత్తోడిని కంపెనీ నాలుగు రోజులు నిలబెట్టగలదేమో. ఆ తర్వాత వాడు ఉంటాడా, పోతాడా అన్నది పక్కనున్న మన చేతుల్లోనే ఉంది.

ఆ పిల్లోడి ఐడీ చూసుకోలేదు, మళ్లీ కలవలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం నేను, తమ్ముడు, వాడి ఫ్రెండ్ కలిసి ఆడతాం. నాలుగో చోటు కొత్తోళ్లకే. పాయింట్లు పోతున్నాయి, ర్యాంకు మళ్లీ ప్లాటినానికి దిగింది. పోనీ.

ఈ రాత్రి మీ స్క్వాడ్‌లో ఎవరైనా "అన్నా, నాకు రాదు" అంటే మ్యూట్ మాత్రం చేయకండి. మనమందరం ఒకప్పటి అరటిపండ్లమే.