నాలుగు చుట్లు బిగించిన నట్టు

2019 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లో పానా తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. నా 2003 మోడల్ మారుతి 800కి రివర్స్ వేస్తే గేరు గర్రుమంటోంది. విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ చూసి క్లచ్ కేబుల్ మార్చాలన్నాడు. కేబుల్ 280, మజూరీ 150, వెరసి 430 రూపాయలు. మర్నాడు తెస్తానని చెప్పి వచ్చాను. ఈలోగా మా పెద్ద బావగారు వచ్చారు. "నట్టు బిగిస్తే పోయేదానికి నాలుగొందలు పోస్తావేంటయ్యా!" అని బానెట్ ఎత్తి, క్లచ్ లివర్ దగ్గర కేబుల్ చివరనున్న నట్టును నాలుగు చుట్లు బిగించారు. రివర్స్ చప్పుడు లేకుండా పడింది. నాకు 430 మిగిలాయి.

ఆ పూట క్లచ్ పెడల్‌ని చేత్తో నొక్కి చూసి ఉంటే తప్పు తెలిసిపోయేది. మొదట అర అంగుళం పైచిలుకు పెడల్ బరువు లేకుండా దిగాలి, ఆ తర్వాతే గట్టిదనం తగలాలి. మాది పైనుంచే గట్టిగా ఉంది. ఆ కాస్త ఫ్రీ ప్లే లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు వేళ్ల మీద ఆనుకునే ఉంటుంది. మనం పెడల్ మీద కాలు పెట్టకపోయినా సగం తొక్కినట్టే. పట్టు చాలక క్లచ్ ప్లేటు జారుతుంది, జారి అరుగుతుంది. అరిగే కొద్దీ ఆ వేళ్లు బేరింగ్ వైపు ఇంకా జరుగుతాయి, పట్టు ఇంకా తగ్గుతుంది. జబ్బు తనను తానే పెంచుకుంటుంది. అసలు గేరు గర్రుమన్నది కేబుల్ సాగినందుకు. పెడల్ దగ్గర నాలుగు పోగులు తెగి సూదుల్లా పైకి లేచి ఉన్నాయని తర్వాత విప్పినప్పుడు చూశాను.

నవంబరులో పిల్లల్ని కొండపల్లి కోటకు తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు మధ్యలో ఇంజన్ అరుస్తోంది, బండి కదలడం లేదు. కాలిన వాసన. వెనక సీట్లో మా చిన్నది ముక్కు మూసుకుని ఏడుపు మొదలుపెట్టింది.

క్లచ్ మార్పించి బండిని ఇంటికి తెచ్చిన రాత్రి లెక్క రాసుకున్నాను. క్లచ్ సెట్టు 2,950. కేబుల్ అదే 280. ఫ్లైవీల్ ఫేసింగ్ 500. గేరు ఆయిల్ 520. మజూరీ 1,600. కొండ దగ్గర్నుంచి బండిని లాక్కొచ్చినందుకు 1,500. ఇక్కడికి 7,350. చివరి రెండు నెలల్లో తిరిగిన 1,200 కిలోమీటర్లకు, మైలేజీ 16 నుంచి 12.5కి పడిపోయింది కాబట్టి, 75 లీటర్ల చోట 96 లీటర్లు తాగింది. ఎక్కువైన 21 లీటర్లు, 78 చొప్పున 1,638. నాలుగు రోజులు ఆటోలకు 720. చేతిలో డబ్బు లేక రికరింగ్ డిపాజిట్ మధ్యలో మూసేస్తే వడ్డీలో పోయింది 1,100. మొత్తం 10,808.

న్యాయంగా చూస్తే ప్లేటు ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. అప్పటికి దాని ఆయుష్షు సగం అయిపోయిందనుకుని సెట్టు, ఫేసింగ్, ఆయిల్, మజూరీ కలిపిన 5,570లో సగం 2,785 తీసేశాను. ఎలాగూ పెట్టాల్సిన 430 తీసేశాను. అయినా 7,593 మిగిలింది. ఎన్నిసార్లు కూడినా అంతే. బండి అమ్మేద్దామంటే ఆర్సీ రెన్యూవల్ చేయించి ఏడాదే అయింది, అడిగినాయన 35 వేలు దాటనన్నాడు.

బావగారి మీద కోపం చాలాకాలం ఉంది. ఫోన్‌లో చెబితే "పాత బండి కదా, పోతుంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ అంతకంటే నొప్పి ఆ డిపాజిట్ మూసినందుకు. పెద్దదాని ఇంటర్ ఫీజు కోసం నెలకు రెండు వేల చొప్పున మూడేళ్లు కట్టాను. జీతం వచ్చిన మూడో తేదీకల్లా చిట్టీకి, డిపాజిట్‌కి, ఇంటి వాయిదాకి పైసా మిగలకుండా సర్ది, అదే జాగ్రత్త అనుకునేవాణ్ణి. జీతాన్ని కూడా నేను ఆ నట్టులాగే బిగించాను. ఏడు వేల ఖర్చు వస్తే జరగడానికి ఎక్కడా చోటు లేదు. మా ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది, కొంత ఊరికే ఉంచమని. వడ్డీ రాని డబ్బు దండగని వాదించేవాణ్ణి. ఆమె మాట అప్పుడే విని ఉంటే డిపాజిట్ దక్కేది.

2020 నుంచి 15 వేలు వేరే ఖాతాలో ఉంచుతున్నాను. దానికి వచ్చే వడ్డీ చాలా తక్కువ. అయినా ఇలాంటి అవసరం పడితే తప్ప ముట్టుకోను. నెలకోసారి పెడల్‌ని చేత్తో నొక్కి చూస్తాను. మొన్న మార్చిలో రివర్స్ మళ్లీ గర్రుమంటే తెల్లారే ఆటోనగర్ వెళ్లాను. కేబుల్ 420, మజూరీ 250. ఆ ఖాతాలోంచే 670 తీసి ఇచ్చాను. మెకానిక్ నట్టు బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, పూర్తయ్యాక పెడల్ నేనే నొక్కి చూసుకున్నాను. అర అంగుళం పైచిలుకు, తేలిగ్గా దిగింది.