సాంగానేరు బందిశిబిరము

చెరసాల యనగానే ఎత్తైన ప్రాకారము, ఇనుప తలుపులు కన్నులకు గట్టును. రాజస్థానమున జయపురము చెంతనున్న సాంగానేరు శిబిరమున అట్టివి కానరావు. 1963లో నెలకొల్పబడిన దీనికి ఆనాటి గవర్నరగు సంపూర్ణానందుని పేరు పెట్టిరి. స్వాతంత్ర్యసమరమున ఆయనయు చెర ననుభవించినవాడే.

హత్యానేరమునకు శిక్షపడినవారు సైతము, మామూలు కారాగారమున కొన్నియేండ్లు సత్ప్రవర్తనతో గడిపిన పిమ్మట, ఇచటికి వచ్చి ఆలుబిడ్డలతో కాపురముండవచ్చును. విడుదలయైన నాడు లోకములో బ్రతుకనేర్వవలెనన్న, ఆ యభ్యాసము శిక్షాకాలముననే కలుగవలెను గదా! పగలు వారు వెలుపలికేగి కూలియో, కొలువో చేసి తమ కూటికి తామే సంపాదించుకొందురు. సాయంకాలము హాజరువేళకు మరలివచ్చి, పేరు పిలువగా పలుకవలెను.

పారిపోదలచినవాని నాపదగిన గోడ లేదు. ఇంటిలో దీపముపెట్టి యెదురుచూచు భార్యయు, బడినుండి వచ్చిన బిడ్డయు ఉందురు.