ఇద్దరు పొడుగోళ్ళు, తొమ్మిది కాలమ్‌లు

ఫాంటసీ బాస్కెట్‌బాల్‌లో టీమ్ కట్టడమంటే ర్యాంకుల లిస్టు ముందేసుకుని పై నుంచి టిక్కులు పెట్టుకుంటూ పోవడమే అనుకునేవాళ్ళు చాలామంది. మా లీగ్‌లోనూ ఉన్నారు. అలా కట్టిన టీమ్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది, వారం వారం ఓడిపోతుంటుంది :)

మా లీగ్ అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్ళం. 2016లో జిల్లాలు విడగొట్టకముందు అందరిదీ కరీంనగర్ జిల్లానే. ఇప్పుడు సగంమంది హైదరాబాద్‌లో, సగంమంది అమెరికాలో. పైసా పందెం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మాకు గెలిచినవాడి గప్పాలే బహుమతి.

అసలు విషయానికొద్దాం. మేమాడే పద్ధతిలో తొమ్మిది కేటగిరీలు. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు, త్రీలు, ఫీల్డ్‌గోల్ శాతం, ఫ్రీత్రో శాతం, టర్నోవర్లు. అయిదు గెలిస్తే ఆ వారం మనది. టీమ్‌లో ఇద్దరు సెంటర్లకి చోటుంటుంది. గొడవంతా ఈ ఇద్దరు పొడుగోళ్ళ దగ్గరే.

రూడీ గోబేర్‌నే తీసుకోండి. రీబౌండ్లు, బ్లాకులు, ఫీల్డ్‌గోల్ శాతం దండిగా ఇస్తాడు. ఫ్రీత్రోలు మాత్రం అంతంతమాత్రం. మిగతా టీమంతా కలిసి వారంలో 100 ఫ్రీత్రోలకి 80 వేసిందనుకుందాం. ఇలాంటి సెంటర్ ఒకడు 20కి 12 వేస్తే మన శాతం 76.7. అలాంటివాడే ఇంకొకడు వస్తే 74.3. బ్లాకులు మాత్రం మొదటివాడితోనే గెలిచేస్తున్నాం కదా, రెండోవాడు తెచ్చినవి చాలావరకు వృథా. వాడి బదులు బ్రూక్ లోపెజ్ లాంటివాడైతే బ్లాకులతో పాటు త్రీలూ వస్తాయి. ఈ లోపెజ్ మొదటి ఎనిమిది సీజన్లలో వేసినవి మూడే మూడు త్రీలు. 2016-17 ఒక్క సీజన్లో 134 వేశాడు!

అయితే ఇక్కడో తిరకాసుంది. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చాలంటారు కదా, ఫాంటసీలో అది సగమే నిజం. గోబేర్, యానిస్ ఇద్దరూ ఫ్రీత్రోల దగ్గర తడబడేవాళ్ళే. ఇద్దర్నీ తీసుకుని ఆ ఒక్క కేటగిరీని డ్రాఫ్ట్ రోజే వదిలేసుకున్నామనుకోండి, మిగతా ఎనిమిదింటిలో అయిదు చాలు. బలాలు వేరుగా ఉండాలి, బలహీనత మాత్రం ఒకేచోట ఉన్నా ఫర్వాలేదు. నాలుగు చోట్ల నాలుగు చిన్న చిల్లులే టీమ్‌ని ముంచుతాయి.

నిజం కోర్టు మీద లెక్క వేరు. 2022లో మినెసోటా వాళ్ళు నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లిచ్చి గోబేర్‌ని తెచ్చుకున్నారు. అప్పటికే కార్ల్-ఆంథనీ టౌన్స్ ఉన్నాడు. ఈ రోజుల్లో ఇద్దరు పొడుగోళ్ళేంటని అందరూ నవ్వారు. 2023-24లో అదే టీమ్ 56 మ్యాచ్‌లు గెలిచింది, లీగ్ మొత్తమ్మీద ప్రత్యర్థులకి అతి తక్కువ పాయింట్లిచ్చింది, వెస్ట్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఒకడు రింగ్ కింద కాపలా, ఇంకొకడు బయట నుంచి త్రీలు. మరమగ్గాల ఇంట్లో పెరిగిన మా సిరిసిల్ల దోస్తు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పడుగు బిగువుగ నిలవడాలె, పేక దాని నడుమ ఉరకాలె. రెండూ ఉరికితె బట్టెట్లయితదిరా?"

బ్లాకుల కాలమ్ చూసి గోబేర్ విలువ కట్టినా తక్కువే అవుతుంది. అతను రింగ్ కింద నిలబడ్డాడని జంకి ప్రత్యర్థి వేయకుండా వెనక్కి తిప్పేసిన షాట్ ఏ కాలమ్‌లోనూ పడదు. అతనికి 2024లో నాలుగోసారి బెస్ట్ డిఫెండర్ అవార్డు ఇచ్చినవాళ్ళు ఆట చూసి ఇచ్చారు, ఎక్సెల్ షీటు ఒక్కటే చూసి కాదు.

ఇదంతా ఎందుకంటే, మా కోరుట్ల దోస్తు ఉద్యోగం షీటు చూసే తీసేశారు. ఎవరెన్ని టికెట్లు మూశారో సార్ట్ చేసి, కింద నుంచి గీత గీశారు. వాడి పని కోడ్ రివ్యూ. ప్రొడక్షన్‌కి వెళ్ళి అర్ధరాత్రి అందర్నీ లేపాల్సిన బగ్గుల్ని ముందే పట్టి ఆపేవాడు. ఆపేసిన బగ్గుకి టికెట్ ఉండదు కదా. ఆ రోజు గ్రూపులో ఒకటే లైను రాశాడు: "నా బ్లాకులు ఎవడు లెక్కవెట్టిండురా?" అందరికీ ఏదో ఒక సమాధానం ఉండే మా గ్రూపులో ఆ పూట ఎవరూ నోరు మెదపలేదు. వాడికి ఇంకో ఉద్యోగం దొరకడానికి ఏడు నెలలు పట్టింది.

మనలో చాలామందిమి ఇప్పుడు లీడ్‌లం, మేనేజర్లం. అలాంటి షీటు రేపు మన చేతికీ వస్తుంది. సార్ట్ నొక్కే ముందు టీమ్‌లో ఇద్దర్ని పక్కకి పిలిచి, కిందనున్న మనిషి లేకపోతే మీ పని ఎక్కడ ఆగుతుందని అడగండి. పది నిమిషాల పని.