కట్ట తెగితే తప్పెవరిది?

గైడు చాలా చేతులు మారింది. అట్ట మీద మొదటి పేరు కొట్టేసి రెండో పేరు, దాన్నీ కొట్టేసి మూడో పేరు రాసి ఉంది. లోపల 302 అచ్చయిన ప్రతిచోటా పక్కన పెన్సిల్‌తో 103 అని, 420 దగ్గర 318 అని దిద్దుకున్నాడు ఇప్పటి సొంతదారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్ల పాత చట్టం 358 సెక్షన్ల కొత్త చట్టమైంది. హత్య, మోసం, దొంగతనం అన్నీ ఇళ్లు మారాయి. కొత్త గైడుకు డబ్బులు పెట్టడం ఎందుకని ఈ బీకాం కుర్రాడు రెండు రాత్రులు కూర్చుని మొత్తం దిద్దేశాడు. ‘దిద్దుతుంటేనే సగం నోటికొచ్చినయ్ సార్’ అన్నాడు. ఊళ్లో ఎవరినైనా ‘వాడొక 318’ అని తిట్టే రోజు మాత్రం ఇప్పట్లో వస్తుందనుకోను.

నల్గొండలో లైబ్రరీ రీడింగ్ హాలు అది. గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లాను. హాలు నిండా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివేవాళ్లే. ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు కుర్చీలో వేసుకుని, పక్కన నీళ్ల సీసా పెట్టుకుని పొద్దుటి నుంచి కదలని మనుషులు. వాళ్లలో లా కాలేజీ సీటు కోసం లాసెట్ రాసేవాళ్లను గుర్తుపట్టడం తేలికే. మిగతావాళ్లు తలెత్తరు, వీళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. అందుకే లైబ్రేరియన్ వీళ్లను చివరి బల్లకు పంపించాడు.

ఆ బల్ల దగ్గర బీకాం కుర్రాడితో పాటు ఒక అంగన్‌వాడీ టీచర్, డ్యూటీ దిగి వచ్చిన ఒక హోంగార్డు, ఇంటర్ అయిపోయిన ఒక అమ్మాయి ఉన్నారు. ఈ నలుగురూ కలిసి కూర్చునే పరీక్ష ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. హోంగార్డుకు నలభై దాటాయి.

‘ఎస్సైకి నా ఏజ్ ఎప్పుడో పోయింది సార్. దీనికి ఏజ్ లేదు. స్టేషన్ల కూసుంటే వకీళ్లు వస్తరు, పోతరు. ఎఫ్ఐఆర్ చూసి బెయిల్ వస్తదా రాదా వాళ్లకంటె ముందు నాకే తెలుస్తది. మరి ఆ కోటు నేనెందుకు వేస్కోవద్దు?’

వయసు అడ్డు లేకపోవడం దానంతట అదే జరగలేదు. ఐదేళ్ల లా కోర్సుకు 20 ఏళ్లు, మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్లు దాటకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016లో సర్క్యులర్ ఇచ్చింది. సుప్రీంకోర్టు 2017 మార్చిలో దానికి స్టే ఇచ్చింది. ఆ స్టే రాకపోయి ఉంటే ఈ బల్ల సగం ఖాళీగా ఉండేది.

పరీక్ష తీరు ఇదీ. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుని 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులివ్వాలి, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, మిగిలిన 60 న్యాయశాస్త్రం మీద ఆసక్తిని, అవగాహనను పరీక్షించేవి. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ప్రశ్న ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ కనిపిస్తుంది. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు.

అర్హత తెచ్చుకోవడం పెద్ద పని కాదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. ర్యాంకు కావాలి. ర్యాంకు బాగుంటే ఉస్మానియా లా కాలేజీ, బషీర్‌బాగ్ పీజీ లా కాలేజీ. తర్వాత పడాల రామిరెడ్డి, పెండేకంటి, ఎల్బీనగర్ వైపు మహాత్మాగాంధీ లా కాలేజీ. నల్గొండ వాళ్లకు ఎల్బీనగర్ మీద మొదటి నుంచీ మోజు ఎక్కువ, అక్కడికి బస్సు దిగి నడిచి వెళ్లొచ్చు కాబట్టి. కాలేజీని బోధనను బట్టి కాక బస్సు రూటును బట్టి ఎంచుకుంటున్నారని నవ్వుకోవచ్చు గానీ, సుమారు వంద కిలోమీటర్లు రోజూ వచ్చిపోవాలనుకునేవాళ్లు ముందుగా లెక్కవేసేది దాన్నే.

అసలు చిక్కు అక్కడే ఉంది. లా కోర్సులో 70 శాతం హాజరు లేకపోతే సెమిస్టర్ పరీక్షలకు కూర్చోనివ్వకూడదని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి. హోంగార్డు డ్యూటీ మానలేడు, అంగన్‌వాడీ టీచర్ సెంటర్ మూయలేదు. ‘90 నిమిషాలు ఎట్లనో కూసుంట సార్. మూడేండ్లు కూసునుడే ఎట్లనో తెలుస్తలేదు’ అంది ఆమె. నవ్వుతూనే అంది. లాసెట్ కోచింగ్ గురించి వచ్చే ప్రకటనలన్నీ ఆ 90 నిమిషాల చుట్టూనే తిరుగుతాయి. మూడేళ్ల ముచ్చట ఎవరూ ఎత్తరు.

ఇంటర్ అమ్మాయి చదువు వేరు. ఆమె చూపు నల్సార్ మీద. 1998లో మొదలైన ఆ లా యూనివర్సిటీ హైదరాబాద్ శివార్లలో, శామీర్‌పేట దగ్గర ఉంది. దారి మాత్రం నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ గుండా పోవాలి. 2008లో మొదలైన క్లాట్‌లోనూ ఇప్పుడు 120 ప్రశ్నలే, టైము రెండు గంటలు. తప్పుకు పావు మార్కు పోతుంది. 2020 నుంచి ప్రశ్న నేరుగా రాదు. ఒక పెద్ద పేరా చదివి, దాని కింద వరుసగా వచ్చే ప్రశ్నలకు జవాబివ్వాలి. మొత్తం ఇంగ్లీషే. అప్లికేషన్ ఫీజు లాసెట్‌కు 900, ఎస్సీ, ఎస్టీలకు 600. క్లాట్‌కు 4,000, ఎస్సీ, ఎస్టీలకు 3,500.

ఆమె రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం కత్తిరించి నోట్‌బుక్‌లో అంటిస్తుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి చదువుతుంది. తెలియని పదాల కింద గీతలు. మొదటి పేజీల్లో గీత లేని వరుస లేదు, వెనక్కి వచ్చేసరికి గీతలు పలచబడ్డాయి. ‘చదివితే అర్థమైతది సార్. టైమ్‌ల చదువుడే కష్టం’ అంది. షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టిన ఐడియా సంస్థ ఇలాంటి పిల్లలకే క్లాట్ నేర్పి నేషనల్ లా యూనివర్సిటీలకు పంపుతుందని చెప్పాను. ఆమె ఆ పేరు కూడా నోట్‌బుక్‌లో రాసుకుంది.

నాకు అర్థం కానిది ఒకటుంది. లా పూర్తిచేసినవాడు కోర్టులో ప్రాక్టీసు చేయాలంటే ఆలిండియా బార్ పరీక్ష పాస్ కావాలి. అది తెలుగులో రాయొచ్చు. లాసెట్ తెలుగులో రాయొచ్చు. ఈ రెంటి మధ్య క్లాట్ ఒక్కటే ఇంగ్లీషు దగ్గర మొండికేసింది. ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలని ఢిల్లీ హైకోర్టులో 2023లో పిల్ పడింది కూడా. లోపల పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు కదా, తెలుగులో రాసి వచ్చి ఏం చేస్తారని అడిగేవాళ్లున్నారు. నిజమే. కానీ లోపలికి వచ్చాక ఐదేళ్లుంటాయి, నేర్చుకోవచ్చు. బయట ఉండగా రెండు గంటలే ఉంటాయి.

మహబూబ్‌నగర్‌లోనూ లాసెట్ పిల్లలను చూద్దామని బయల్దేరాను. నల్గొండ నుంచి అక్కడికి పోవాలంటే దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోవాలి. కల్వకుర్తి ప్రాంతం దాటుతుంటే బూర్గుల రామకృష్ణారావు గుర్తొచ్చారు. 1899లో ఈ వైపే పడకల్‌లో పుట్టి, పుణెలో బీఏ, బొంబాయి యూనివర్సిటీలో లా చదివి, వకీలై, హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. గద్వాల వైపు సురవరం ప్రతాపరెడ్డి బీఎల్ కోసం మద్రాసు పోయారు. అప్పటి పాలమూరు పిల్లవాడికి లా అంటే రాష్ట్రం దాటడమే. ఇప్పుడు రాష్ట్రం దాటక్కర్లేదు, షాద్‌నగర్ దాటితే చాలు.

మహబూబ్‌నగర్‌లో నేను వెళ్లింది కోర్టుకు దగ్గర్లో ఉన్న ఒక వకీలు ఆఫీసుకి. ఒకటే గది. గోడ నిండా కేసు కట్టలు, ఒక్కోదానికి కట్టిన దారం కింద వాయిదా తేదీ రాసిన చీటీ. సాయంత్రం కక్షిదారులు వెళ్లిపోయాక బెంచీలు గోడకు జరిపి లాసెట్ పిల్లలకు క్లాసు చెబుతాడాయన. ఫీజు లేదు. నిజానికి ఆయనకు క్లాసు చెప్పడం కంటే పిల్లలతో వాదించడం ఇష్టం. ఆ రోజు టార్ట్స్, అంటే నష్టపరిహారం అడగదగ్గ సివిల్ తప్పుల గురించి చెబుతున్నాడు.

‘ఇంగ్లండ్ల ఒక మిల్లు ఓనరు నీళ్ల కోసం కుంట తవ్విచ్చిండు. నీళ్లు పక్కోని బొగ్గు గనిలకు పొయ్యినయ్. ఓనరు తప్పేం చేయలే. అయినా 1868ల హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమన్నది?’

‘నష్టం కట్టియ్యాలె అన్నది సార్. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్.’

‘మంచిది. ఇప్పుడు మన దిక్కుకు రా. కార్వేటినగరం జమీందారు చెరువులు వానకు తెగి రైల్వే లైను కొట్టుకపొయ్యింది. మద్రాస్ రైల్వే కంపెనీ దావా వేసింది. నీళ్లు ఆయనయే, చెరువు ఆయనదే. కట్టియ్యాల్నా, వద్దా?’

గది రెండుగా చీలింది. కట్టాల్సిందే అన్నవాళ్లు ఎక్కువ. బిజినేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాత్రం ఒప్పుకోలేదు. ‘ఆ కుంట వాని మిల్లు కోసం సార్. చెరువు ఊరందరిది. చెరువు లేకపోతే ఊరే లేదు. కట్ట మంచిగనే పెట్టుకున్నంక వాన పడ్డదానికి జమీందారేం చేస్తడు?’

1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెప్పింది సరిగ్గా ఇదే. ఈ దేశంలో సేద్యం చెరువుల మీద ఆధారపడి ఉంది, అవి తాతల నాటివి, వాటిని నిలబెట్టడం జమీందారు బాధ్యతే తప్ప సొంత లాభం కోసం తెచ్చిపెట్టుకున్న ప్రమాదం కాదు, నిర్లక్ష్యం రుజువైతే తప్ప పరిహారం రాదని తీర్పిచ్చింది. చెరువుల జిల్లా పిల్లవాడు గైడు చూడకుండానే ఆ తీర్పు దగ్గరికి చేరుకున్నాడు. వకీలు సాబ్ కాసేపు ఏమీ అనలేదు, ఆ కుర్రాడి వైపు చూసి బోర్డు మీద కేసు పేరు రాశాడు. నేను చూసిన క్లాసులన్నింటిలో నాకు బాగా నచ్చిన అరగంట అది. ఇంతా చేసి పరీక్షలో ఇది వస్తే ఒక్క మార్కు, 45 సెకన్లు.

ఈ పిల్లల్లో చాలామందికి చట్టంతో పరిచయం గైడు కంటే ముందే ఇంట్లో అయింది. ఒకరి తండ్రి సాదా బైనామా మీద, అంటే తెల్లకాగితం ఒప్పందం మీద కొన్న రెండెకరాలు 2017 భూరికార్డుల ప్రక్షాళనలో వివాదాస్పద భూముల జాబితా పార్ట్-బీలో పడ్డాయి, ధరణి పోర్టల్‌లోకి ఎక్కలేదు. 2020 భూహక్కుల (ఆర్వోఆర్) చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది, ఎక్కడ అడగాలో తెలియకుండా పోయింది. 2025లో భూభారతి చట్టం వచ్చి అప్పీలు దారి మళ్లీ తెరిచింది. ఈ క్రమమంతా ఆ అమ్మాయి తేదీలతో సహా గడగడా చెప్పింది. కొల్లాపూర్ వైపు వాళ్లకు శ్రీశైలం ప్రాజెక్టు ముంపు, 1894 భూసేకరణ చట్టం, 2013 చట్టం ఇంట్లో మాటలే. కోచింగ్ సెంటర్లు వీటిని ‘లీగల్ ఆప్టిట్యూడ్’ పేరుతో అమ్ముతున్నాయి.

క్లాసులో తర్వాత రాజ్యాంగం. ఆర్టికల్ 23, మనుషుల అమ్మకం, వెట్టి, బలవంతపు చాకిరీ నిషేధం. దాని కింద 1976 వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం. ఇక్కడ వకీలు సాబ్ ఆగి, గైడులో ఒక్క వరుసలో ఉన్న కేసును తీసుకున్నాడు. ఢిల్లీ ఏషియాడ్ పనుల్లో కూలీల తరఫున పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ వేసింది, 1982లో తీర్పొచ్చింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే, కొట్టకపోయినా కట్టేయకపోయినా, అది కూడా బలవంతపు చాకిరీయే అని సుప్రీంకోర్టు అన్నది. ఆకలి కూడా బలవంతమే కదా అన్నాడాయన.

మక్తల్ వైపు అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె తల్లిదండ్రులు కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెలో బిల్డింగ్ పనికి పోయి వచ్చారు.

‘సార్, అడ్వాన్సుల కట్ చేసుకుంటే రోజుకు ఎంత పడ్డదో మావోళ్లకే తెల్వదు. అది ఆర్టికల్ 23 కిందికి వస్తదా?’

‘ఆప్షన్ సీనా, డీనా?’ అని వెనక నుంచి ఎవరో అన్నారు. గది నవ్వింది, ఆ అమ్మాయి నవ్వలేదు.

‘రాతకోతలు ఏమన్న ఉన్నయా?’

‘మేస్త్రీ దగ్గర నోట్‌బుక్ ఉంటది సార్. మా అమ్మ ఫోన్ల ఒక రెండు పేజీలు ఫొటో తీసింది.’

‘అవి ప్రింట్ తీయించుకొని రేపు పొద్దుగాల తొమ్మిదింటికి అమ్మను తీస్కరా. ఏ రోజు ఏ పని చేసిన్రో గుర్తున్నకాడికి రాయించు. గుర్తు లేని రోజులు ఖాళీ ఇడువు, సొంతంగ నింపకు.’ అని గోడ గడియారం వైపు చూసి, ప్రశ్నపత్రాలు పంచమని ముందు బెంచీ కుర్రాడికి ఇచ్చాడు. ‘కరెంట్ అఫైర్స్, ముప్పై బిట్లు. ఇరవై రెండు నిమిషాలు. షురూ చేయండి.’