పాల పన్నే కదా అనుకున్నాము

ఈసారి కొంచెం పెద్ద పోస్టు. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు ఓపికగా చదవండి.

మా మనవరాలికి ఆరేళ్ళు. కింది దవడలో వెనక పాల పన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడ్చేది. "పాల పన్నే కదా, దానంతటదే ఊడిపోతుంది" అని లవంగ నూనె దూది పెట్టి రెండు నెలలు గడిపాము. తప్పు మాదే. ఒకరోజు చెంప వాచిపోయింది. అప్పుడు పంటి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాము.

"పీకేయండమ్మా" అన్నాము. ఆమె ఒప్పుకోలేదు. ఆ పన్ను 10 నుంచి 12 ఏళ్ళ మధ్య ఊడాలంట. ఇప్పుడే తీసేస్తే దాని వెనక వచ్చే పెద్ద పన్ను ముందుకు జరిగి, రేపు కింద నుంచి రావలసిన పన్నుకు చోటు లేకుండా పోతుందంట. రూట్ కెనాల్ చేసి పన్నును కాపాడదాం అన్నారు.

తమిళంలో 'పల్ వేర్' అంటూ బొమ్మ గీసి చెప్పారు. తమిళ బడిలో చదివిన మాకు అది బాగా ఎక్కింది. మనకూ అది వేరే కదా!

ఆ వేరు పొడవు కొలవడమే కష్టమంట. రైల్వేలో పనిచేసినవాళ్ళం, పట్టా ఎక్కడ ముగుస్తుందో గుర్తు ఉంటుందని మాకు తెలుసు. పాల పంటి వేరు అలా కాదు. కింద కొత్త పన్ను పెరిగే కొద్దీ అది కరుగుతూ వస్తుంది. ఒక పక్క కరిగి కాలువ నోరు పైకి జరిగినా, ఎక్స్‌రేలో రెండో పక్క కనిపించి వేరు పొడుగ్గానే తోస్తుంది. దాన్ని నమ్మి సూది లోతుగా దింపితే కింద ఉన్న కొత్త పంటి మొలకకు దెబ్బ తగలవచ్చు. తక్కువ దింపితే కుళ్ళు లోపలే మిగులుతుంది.

అందుకని ఎక్స్‌రేతో పాటు ఒక చిన్న కరెంటు మిషను పెట్టారు. ఒక తీగ కొక్కెం పెదవికి, ఇంకొకటి కాలువలోని సన్న సూదికి. సూది వేరు చివరకు చేరేసరికి మిషను కూత మారింది. సూదికున్న రబ్బరు బిళ్ళను అక్కడ నిలిపి, బయటికి తీసి స్కేలు మీద చూశారు. 13 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు తగ్గించి 12 దాకా శుభ్రం చేశారు. ఈ కొలతకు దారి చూపినవారిలో జపాను వైద్యుడు సునాడా ఒకరని, అది 1962 నాటి మాట అని తరువాత చదివాము. లోపల నింపిన మందు కూడా వేరుతో పాటు కరిగిపోయేదేనంట. పైన స్టీలు తొడుగు వేశారు.

ఇప్పుడు పాప మురుకులు కూడా నములుతోంది. ఒక్క మిల్లీమీటరుకు ఆమె అంత జాగ్రత్త పడ్డారు. మేమేమో రెండు నెలలు పోగొట్టాము.

సంఘం తరఫున కంటి శిబిరం పెడుతున్నాము కదా, ఈసారి పిల్లల పళ్ళు కూడా చూపిద్దామా? మీ అభిప్రాయం చెప్పండి.