డప్పుల సహవాసము



నలభై దాటిన మగవారు పదకొండుమంది రాత్రి తొమ్మిదింటికి చర్చి ఆవరణలో చేరి డప్పు సాధన చేస్తున్నారంటే వినేవారికి నవ్వు రావచ్చును. మాకూ వస్తుంది. మేమందరము 1990లలో ఒకే మిషను బోర్డింగులో పదవ తరగతి వరకు కలిసి చదివినవారము. మాలో మిరప రైతులు, పత్తి వేసే కౌలుదారులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక ఆర్టీసీ డ్రైవరు, ఒక తాపీమేస్త్రి ఉన్నారు. ఈ నాలుగు మాటలు వ్రాయుచున్న పాస్టరు ఒకరు. బోర్డింగులో ఉండగా క్రిస్మస్ ఊరేగింపుకు డప్పులు కొట్టేవారము. తరువాత ఎవరి బ్రతుకు వారిదయింది. 2018లో పాత విద్యార్థుల కూడికకు ఒకరు డప్పు తెచ్చారు. అంతే, మళ్ళీ మొదలైంది.

ఇటువంటి ముచ్చట మనకే కాదు. అమెరికాలో డ్రమ్ములు, బాకాలతో కవాతు చేసే యువదళాలున్నవి. వాటి పెద్ద పోటీలలో ఇరవైరెండేళ్ళు దాటినవారికి చోటు లేదు. అందుచేత వయస్సు మీరినవారు పాత సభ్యుల దళాలు కట్టుకొని, నెరసిన తలలతోనే మళ్ళీ డ్రమ్ము భుజాన వేసుకుంటారు. బహుమానము కొరకు కాదు, పాత స్నేహితుల ప్రక్కన నిలబడుట కొరకు.

మాదీ అదే ఆశ. డప్పు కొట్టుట చూచినంత తేలిక కాదు. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని చిటికెనపుల్ల, వాటితోపాటు కాళ్ళకు అడుగు. మూడూ కలవాలి. బొజ్జ మాత్రము నాలుగవ తాళము వేస్తుంది! ఒకరు అడుగు తప్పితే వరుస అంతా ఒకరిమీదొకరు పడి నవ్వులే నవ్వులు. అప్పటి మానీటరు ఇప్పటికీ హాజరు వేస్తాడు. రానివాడు మర్నాడు అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి.

అయితే డప్పును ఆరాధనలోనికి తెచ్చిన మొదటి క్రిస్మస్ నాడు సంఘములోని ఒక పెద్దామె మమ్మును ఆపి, “అయ్యగారూ, దీన్ని మెడలోనించి దించినందుకు మా తాత దెబ్బలు తిన్నాడు. మళ్ళీ మీరే ఎత్తుకుంటే ఎట్లా?” అన్నది.

ఆమె మాట త్రోసివేయదగినది కాదు. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. తోళ్ళ వర్తకుడైన యర్రగుంట్ల పేరయ్యగారివంటివారు ఊరూర తిరిగి సువార్త చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అనేకుల కుటుంబాలకు డప్పు ఇష్టముతో చేసిన పని కాదు, ఊరి వెట్టి. జాతర అయినా దండోరా అయినా పిలిచిన వెంటనే పోవాలి. క్రొత్తగా విశ్వసించినవారు గ్రామదేవతల కొలుపులకు డప్పు కొట్టమన్నప్పుడు కూలి పోయింది, బావి నీళ్ళు కరువైనవి, దెబ్బలు పడ్డవి. వారు దించినది ఒక వాద్యమును మాత్రమే కాదు, మెడమీది కాడిని.

మరి మేము ఏ ధైర్యముతో ఎత్తుకున్నాము? ఎర్ర సముద్రము దాటిన తరువాత మిర్యాము చేతిలో ఉన్నది తంబుర అని మన తెలుగు బైబిలులో చదువుతాము. మనకు వెంటనే తీగెల తంబూరా గుర్తుకు వస్తుంది. హెబ్రీ భాషలో ఆ వాద్యము పేరు ‘తోఫ్’. గుండ్రని చట్రమునకు చర్మము బిగించి చేతితో వాయించునది, దానికి తీగె ఒక్కటి కూడా లేదు. 150వ కీర్తనలో ఉన్నదీ అదే. అనగా దాస్యము విడిచి బయటికి వచ్చిన దినమున ఆ స్త్రీలు వాయించినది మన డప్పుకు దగ్గర చుట్టమే. ఈ సంగతి ఆమెకు చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించి, “ఒకరు పిలిస్తే పోయి కొట్టేది వెట్టి. మీరై మీరు కూడి కొడితే పండుగ. తాగి కొట్టొద్దు, పిలిచారని పోవద్దు” అన్నది. ఆ రెండూ మా దళానికి నియమాలైనవి.

ఇంకొక సంగతి. మా డప్పులు కొయ్య చట్రానికి మేకతోలు బిగించినవి. డిసెంబరు మంచుకు తోలు సడలి మొద్దుగా పలుకుతుంది. అందుకని ముందుగా మంట వేసి కాచాలి. ఇప్పుడు కాచే పని లేని ఫైబరు డప్పులు వచ్చినవి. మేము కొనలేదు. కాచే ఆ అరగంటలోనే ఎవరి సంగతి ఏమిటో బయటపడుతుంది గనుక.

2021లో నల్ల తామరపురుగు మిరప తోటలమీద పడింది. పూత పూతగానే పోయింది. మాలో ఒకరికి మూడెకరాల కౌలు చేను చేతికి రాలేదు. అతడు సాధనకు రాలేదు, ఫోను ఎత్తలేదు. “వాడు రాకపోతే మనమే పోదాం పదండి” అన్నాడు మేస్త్రి. పత్తికట్టె మోపు, డప్పులు మోటారు సైకిళ్ళమీద వేసుకొని వెళ్ళి, అతని వాకిట్లోనే మంట వేశాము. ఎవరమూ బుద్ధులు చెప్పలేదు. అతడు అరుగుమీద కూర్చుండి చూస్తూ ఉన్నాడు. కొంతసేపటికి లేచివచ్చి, “అట్లా కాదురా, తోలు మాడిపోద్ది” అని డప్పు లాక్కున్నాడు. తరువాత అప్పుల సంగతి చెప్పాడు. అర్ధరాత్రి మేము బయలుదేరుచుండగా అతని భార్య ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలు సంచిలో పెట్టి మా చేతికిచ్చింది. ఆమె ఏమీ చెప్పలేదు, మేము అడుగలేదు.

డప్పు అప్పు తీర్చదు. మాలో ఇద్దరు అతని వెంట వెళ్ళి అప్పు ఇచ్చినవారితో మాట్లాడి గడువు అడిగారు. కొంత దొరికింది. ఆ క్రిస్మస్‌కు అతడు వరుసలో నిలబడ్డాడు. ఇప్పటికీ మాలో అడుగు తప్పనివాడు అతడొక్కడే.

ప్రియులారా, మన పల్లెల్లో మగవారు కష్టమును నోటితో చెప్పుకోరు. చేతికి ఒక పని, ప్రక్కన చిన్ననాటి స్నేహితుడు ఉంటే మాట దానంతటదే వస్తుంది. మీరు డప్పే పట్టనక్కరలేదు. కోలాటము కావచ్చు, పాత పాటల కూడిక కావచ్చు. మీతో ఒకే పళ్ళెములో తిన్నవారిలో ఈ మధ్య కనబడనివారెవరో జ్ఞాపకము చేసుకొనండి. అతడు వచ్చువరకు కనిపెట్టక, మీరే కట్టెలు మోసుకొని వెళ్ళండి.